చౌడి ముక్కులో పాఠం

మా చెల్లెలు చౌడి ముక్కులో ఉన్న చింతగింజ బద్ద ప్రభుత్వానిదని, జిల్లా నుంచి వచ్చిన అధికారి ఒకరు మా అరుగు మీద కూర్చుని తేల్చి చెప్పారు. అంతకు ముందు అది మా జేజిది, అంటే మా నాయనమ్మది.

జేజి మధ్యాహ్నం పూట పక్కింటి హుసేనమ్మతో బారాకట్ట ఆడుతుంది. పందెం వేయడానికి గవ్వలు వాడదు. చింతగింజల్ని రెండుగా చీల్చి, బండ మీద అరగదీసి, ఒక వైపు తెల్లగా ఒక వైపు నల్లగా ఉండే బద్దలు నాలుగు చేసుకుంది. అవి ఆమె చేతిలో అరిగి అరిగి అద్దాల్లా అయ్యాయి. వినాయక చవితికి ముందు వాటిలో ఒకటి కనిపించకుండా పోయింది. హుసేనమ్మే కొంగున కట్టుకుపోయిందని జేజి అంది. ఓడిపోతున్నావు కాబట్టి నువ్వే దాచావని హుసేనమ్మ అంది. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. అదే వారం చౌడికి ఎడమ ముక్కు కారడం మొదలైంది. ఈ రెండు సంగతులకూ చుట్టరికం ఉందని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మా జిల్లేడుమిట్టలో జబ్బు చేసినవాళ్ళు ఆసుపత్రికి పోరు. చీటీ పోతుంది. మండలంలో సంతకో, బ్యాంకుకో, పురుగుమందుకో పోయేవాళ్ళెవరైనా ఊళ్ళో చీటీలన్నీ పోగుచేసుకుని ఆసుపత్రిలో ఇచ్చి, మందులు తెచ్చి పంచుతారు. "ఊరంతా పొయ్యి ఆస్పత్రిలో కూచుంటే చెనక్కాయలు ఎవురు పెరుకుతారు?" అంటుంది జేజి. చౌడి చీటీ జేజి తీసుకుపోయేది, ఎలాగూ తన మోకాళ్ళ మాత్రలు అక్కడే కాబట్టి.

ఒకసారి నేనూ వెంట పోయాను. డాక్టర్ శ్రీకంఠం గారు చీటీ చూసి, "ఏమవ్వా, ఏమి బాధ?" అన్నారు.

"నాకు కాదు సామీ, పాపకు. ముక్కు కార్తాంది."

"నోరు తెరువు."

జేజి తెరిచింది. ఆయన లోపలికి చూసి, "గొంతు బాగానే ఉంది" అన్నారు.

"దానిదీ బాగానే ఉంటాది సామీ. అన్నీ నా పోలికే."

ప్రతి చీటీ మీదా బరువు, బీపీ రాయాలని ఆదేశం ఉంది. ఎవరివో ఆదేశంలో లేదు. అందుకని ఫార్మసిస్టు దస్తగిరి గారు జేజిని బరువు మిషను ఎక్కించి, చౌడేశ్వరి, ఆరేళ్ళు, అరవై కేజీలు, బీపీ ఎక్కువ అని రాశారు. పాపకు ఉప్పు తగ్గించమన్నారు. మేం తగ్గించాం.

ఉప్పు తగ్గింది గాని ముక్కు ఆగలేదు. వాసన మొదలైంది. చౌడి రాత్రుళ్ళు నోరు తెరుచుకుని, గాలి మింగుతున్నట్టు నిద్రపోయేది. బడిలో ఒకటో తరగతి అయ్యవారు దాన్ని కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టారు. అంతవరకూ దాని పక్కన కూర్చునే షమీనా దూరం జరిగి, "వాసన పోయినంక నీ పక్కకే వస్తా, ఒట్టు" అని చెప్పింది. చౌడి రోజూ బడి నుంచి రాగానే చెయ్యి ముక్కు ముందు పెట్టుకుని గట్టిగా ఊది, వాసన పోయిందా అని నన్ను చూడమనేది. నేను పోయిందని చెప్పలేకపోయేదాన్ని. పోలేదనీ చెప్పలేకపోయేదాన్ని.

ఒక రెండో శనివారం జేజికి మోకాళ్ళు మరీ పట్టేశాయి. చౌడికి బస్సు ఎక్కాలని సరదా. దాంతో మా ఊరి చరిత్రలో మొదటిసారి చీటీతో పాటు రోగి కూడా ఆసుపత్రికి పోయింది.

"పేరు?" అన్నారు డాక్టరుగారు.

"చౌడేశ్వరి" అన్నాను, నా చెప్పులకేసి చూస్తూ. కొత్తవాళ్ళ ముందు నాకు మాట పెగలదు.

ఆయన చీటీ చూశారు, చౌడిని చూశారు. "అరవై కేజీలుండాలే?"

"అది మా జేజి సార్."

ఆయన చీటీ పక్కన పెట్టారు. తర్వాత ఫోను లైటు వేసి, చౌడి గడ్డం పైకెత్తి, ముక్కులోకి చూశారు. "అరె! ఏదో గింజ ఉందే!"

"జేజిది" అంది చౌడి, అడిగినందుకు సంతోషపడుతూ. "నేనే పెట్టినా. లోపలికి పాయ."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవురూ అడగల్యా."

డాక్టరుగారు నవ్వి, సన్నటి పటకారు తీసుకున్నారు. "ఒక్క క్షణం తల్లీ, కదలొద్దు" అని చౌడి తల పట్టుకున్నారు. అప్పుడే మందుల గదిలోంచి దస్తగిరి గారు పరిగెత్తుకొచ్చారు.

"సార్! ఆగండి సార్! తీసేస్తే మనం మళ్ళీ దొరకబుచ్చుకోలేం!"

సంగతేమిటంటే, ఆ ఏడు ఆరోగ్య శాఖ 'తప్పే గురువు' అని ఒక పథకం పెట్టింది. డాక్టర్లు కనిపెట్టలేకపోయిన జబ్బుల నుంచి అందరూ నేర్చుకోవాలి. మంచి మాటే. అయితే ఎవరెంత నేర్చుకున్నారో తెలియాలంటే తప్పులు లెక్కకు రావాలి. మా ఆసుపత్రి నుంచి ఒక్క తప్పూ పోలేదు. దానిమీద వచ్చిన నోటీసును దస్తగిరి గారు అక్కడికక్కడే చదివి వినిపించారు. "మీ కేంద్రమునందు ఒక్క తప్పయినా నమోదు కానందున, మీరు ఏమియు నేర్చుకొనుటలేదని భావించవలసి వచ్చుచున్నది. తక్షణమే సంజాయిషీ సమర్పించవలెను." తప్పులు జరగలేదని డాక్టరుగారు జవాబు రాస్తే, అది అహంకారమని రెండో నోటీసు వచ్చిందట.

"దేవుడు పంపిన తప్పు సార్ ఇది" అన్నారు దస్తగిరి గారు చౌడి ముక్కుకు దణ్ణం పెట్టినంత పని చేసి. "కానీ ఈ నిబంధన చూడండి. తప్పిన రోగమును అన్ని స్థాయిలలోను అభ్యసనము పూర్తియగువరకు యథాతథ స్థితియందు భద్రపరచవలెను."

"ఎదుట కనిపిస్తున్న గింజయ్యా! రెండు నిమిషాల పని!"

"రెండు నిమిషాల్లో పాఠం పోతుంది సార్. మూడో నోటీసు వస్తుంది."

పటకారు గాలిలో కాసేపు ఊగి, పళ్ళెంలోకి పోయింది.

"ఎన్నాళ్ళు సార్?" అన్నాను.

"నేర్చుకునేదాకా అమ్మా" అన్నారు డాక్టరుగారు, నా ముఖం చూడకుండా.

మీరు నేర్చుకున్నారు కదా సార్, అనాలనిపించింది. బస్సు ఎక్కాక కిటికీతో అన్నాను.

చౌడికి అర్థం కాలేదు. "మా అయ్యోరు పలక మీద రాసిన పొద్దే నేర్చుకోమంటాడు. వీళ్ళకేమి ఇన్ని దినాలు?"

"వీళ్ళు పెద్దవాళ్ళు."

"ఓహో, మొద్దులా" అంది జాలిగా.

గింజ ఎక్కడుందో తెలిశాక జేజి హుసేనమ్మ గుమ్మం ముందు నిలబడి, "నీ కొంగులో కాదు లేవే, మా పిల్ల ముక్కులో ఉందంట" అంది. అదే క్షమాపణ. హుసేనమ్మ పీట తెచ్చుకుని వచ్చేసింది. కానీ మూడు బద్దలతో ఆట సాగదు. కొత్తది అరగదీసి చూశారు గాని జేజికి పందెం పడలేదు. చేతిలో అరిగిన బద్ద వేరు, బండ మీద అరిగిన బద్ద వేరు అని ఆమె వాదన. కాబట్టి చౌడి ముక్కు కోసం మా ఇంట్లో ముగ్గురం ఎదురుచూసేవాళ్ళం. చౌడి షమీనా కోసం, జేజి ఆట కోసం, నేను చౌడి కోసం.

వారం తిరక్కుండానే ఆశా కార్యకర్త రామాంజినమ్మ ఒక కాగితం తెచ్చింది. ఆమె మా వీధి మనిషే, జేజికి వరస కోడలు. పాఠమునకు భంగము కలుగకుండ రోగి తుమ్మరాదు, చీదరాదు అని అందులో ఉంది. దాని కింద ఇంకో వాక్యం: ఘాటు వలన తుమ్ములు కలుగు అవకాశమున్నందున, రోగి కుటుంబము తాలింపును తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు నిలుపుదల చేయవలెను.

"ఏందీ?" అంది జేజి.

"తాలింపు ఎయ్యగూడదంట అత్తా."

"తాలింపు ల్యాకుండా పప్పు తినేకి మేమేమన్నా సూతకంలో ఉండామా?"

"నన్నంటే నేనేం జేతునత్తా? పాప తుమ్మకుండా సూసుకునే డ్యూటీ నాకేసినారు. తుమ్మితే నా ఉద్యోగం పాయ."

"తుమ్ము వస్తే ఏం జేస్తావే?"

"ముక్కు మూస్తా."

"ముక్కు కుడివైపొకటే పని జేస్తాంది. అదీ మూస్తే పిల్ల దేంతో ఊపిరి పీలుస్తాది?"

రామాంజినమ్మ కాగితం తిరగేసి చూసింది. "అది రాయల్యా అత్తా."

అప్పటి నుంచి ఆమె మా అరుగు మీదే కూర్చునేది. మేం చప్పటి పప్పు తిన్నాం. చుట్టుపక్కల ఇళ్ళలో తాలింపు చిటపటలు వినపడితే జేజి చెవులు మూసుకునేది.

మా పాఠం పేరు త్వరగా పాకింది. పక్క మండలం డాక్టరుగారు స్వీటు పెట్టె పట్టుకుని శ్రీకంఠం గారి దగ్గరికి వచ్చారట. వాళ్ళకూ తప్పు దొరకలేదు. గింజలో సగం వాటా తమ కేంద్రం పేర రాయమని బతిమాలారట. తర్వాత డివిజన్ నుంచి ఒక జీపు నిండా అధికారులు వచ్చారు. ఒక్కొక్కరూ టార్చి వేసి చౌడి ముక్కులోకి చూడటం, "ఊఁ" అనడం, సంతకం పెట్టడం. ఎవరూ మాట్లాడలేదు. చూసి నోరు మెదపకుండా ఉండటమే ఉన్నతాధికారి లక్షణమని అప్పుడే నాకు తెలిసింది. ఆ లెక్కన నాకు మంచి భవిష్యత్తు ఉంది.

ఆ తర్వాత జిల్లా అభ్యసన అధికారి పరాంకుశం గారు స్వయంగా మా అరుగు మీదకి వేంచేశారు. జేజి ఆయన ముందు చేతులు కట్టుకుని, "సామీ, పిల్ల నిద్ర పోలేకుండాది. ఆ బద్ద పీకిచ్చేయండి. నాది నాకిచ్చేయండి" అంది.

"చూడమ్మా" అన్నారాయన కళ్ళజోడు సవరించుకుంటూ. "ఎప్పుడైతే అది నమోదయిందో, అప్పుడే అది బద్ద కాకుండా పోయింది. అది ఇప్పుడు అభ్యసన సామగ్రి. ప్రభుత్వ ఆస్తి. మీ మనవరాలు దానికి తాత్కాలిక సంరక్షకురాలు మాత్రమే."

"మరి ముక్కు?"

"ముక్కు మీదే."

జిల్లా స్థాయి అభ్యసన మహోత్సవం మా ఊరి ప్రాథమిక పాఠశాల ఆవరణలో పెట్టారు. షామియానా వేశారు. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మధ్యలో చౌడి ఎడమ ముక్కు రంధ్రం, రైలు దూరేంత పెద్దది. చుట్టూ అధికారుల ఫొటోలు, అందరూ నవ్వుతూ. ప్రార్థన గీతం నేను పాడాలన్నారు. మొదటి చరణం దగ్గరే నా గొంతు ఆగిపోయింది. పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. చౌడికి శాలువా కప్పి పరాంకుశం గారి పక్కనే కుర్చీ వేశారు. శాలువా దాని పాదాల మీదుగా నేల దాకా పడింది. రెండో పక్క రామాంజినమ్మ, తుమ్ముకు కాపలా.

పరాంకుశం గారు మూలకారణ విశ్లేషణ చదివారు. "రోగి బరువు అరవై కేజీల నుంచి ఒక్కసారిగా పదహారు కేజీలకు క్షీణించుట గమనించడమైనది. అధిక రక్తపోటు, మోకాళ్ళ అరుగుదల కూడా కలవు. ఇంతటి సంక్లిష్టమైన రోగిలో గింజ తప్పిపోవుట సహజమే. దీనిని బట్టి మనము నేర్చుకొనవలసినది ఏమనగా, మరింత లోతుగా నేర్చుకొనవలసి యున్నది."

అందరూ రాసుకున్నారు. పిల్లని ఎవరూ చూడలేదు సార్, అంతే సార్, అన్నాను నేను స్తంభం పక్కన నిలబడి. నాకే సరిగా వినపడలేదు.

చివర్లో ఆయన ఇంకో మాట చెప్పారు. రాష్ట్ర స్థాయి అభ్యసనం వచ్చే ఏడాది ఉంటుందట. అప్పటివరకు పాఠాన్ని కంటికి రెప్పలా కాపాడుకోవాలట. చౌడి నా వైపు చూసింది. వేలు మడిచి లెక్కపెట్టబోయి, ఏడాదికి ఎన్ని వేళ్ళో తెలియక ఆపేసింది. బడి పిల్లల వరసలో షమీనా ముక్కు మూసుకుని కూర్చుని ఉంది.

అప్పుడు భోజనాలు. వంట మా అమ్మే. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే కాబట్టి ఆ పూట అధికారులకూ ఆమే వండింది. స్టేజీ పైనే బల్లల మీద అరిటాకులు వేసి వడ్డించాం. పరాంకుశం గారు పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు.

"ఏమిటమ్మా ఈ పప్పు? పథ్యం తిన్నట్టుంది."

"తాలింపు ల్యాదు సార్" అంది అమ్మ తల వంచుకుని.

"ఎందుకు లేదు?"

"మీ కాగితమే సార్."

ఆయన అర్థమైనట్టు తల పంకించారు. "అమ్మా, ఆ ఉత్తర్వు రోగి కుటుంబానికి. అధికారులకు వర్తించదు. వెంటనే వేయించండి."

అమ్మ వంటపాక వైపు తిరిగింది. నేను కదల్లేదు. పాక మా వెనక ఉంది, గాలి అటు నుంచి షామియానాలోకి వస్తోంది. పొద్దుటి నుంచీ పొయ్యి పొగ స్టేజీ మీదికే పోవడం చూస్తూనే ఉన్నాను. చెప్పుల మీద నుంచి చూపు తీసి, మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాను.

"మామూలుగా వెయ్యమంటారా సార్? ఘాటుగా వెయ్యమంటారా?"

"రాయలసీమకొచ్చి మామూలుగానా? ఘాటుగా వెయ్యమ్మా!" అన్నారాయన చెయ్యి ఊపుతూ. మిగతా అధికారులు ఆ ఆదేశాన్ని సమర్థిస్తూ నవ్వారు.

అమ్మ చేతిలోంచి గరిటె నేనే తీసుకున్నాను. బాణలిలో నూనె పొగలు వచ్చేదాకా ఆగాను. గుప్పెడు ఎండుమిరపకాయలు తుంచి వేశాను. మాడేదాకా చూసి, ఇంకో గుప్పెడు వేశాను. "సంపుతావేమే నాగవేణీ!" అని అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. మిరపకాయల కోరు, ఆ ఘాటు పొగ, మబ్బులా లేచి, పాక చూరు దాటి, నింపాదిగా షామియానాలోకి నడిచింది.

మొదట రామాంజినమ్మే తుమ్మింది. ముక్కు మూయాల్సిన చేతులు రెండూ తన ముక్కుకే కావాల్సి వచ్చాయి. తర్వాత డివిజన్ వాళ్ళు, ఆ తర్వాత జిల్లా వాళ్ళు, హోదా చూసుకోకుండా అందరూ తుమ్మారు. మైకు ఆన్‌లో ఉండటం వల్ల ఊరంతా విన్నది. చౌడి శాలువాలో ఉండచుట్టుకుని, వెనక్కి ఒరిగి, నోరు తెరిచి, మూడు నెలలుగా దాచుకున్న తుమ్మును ఒక్కసారిగా తుమ్మింది.

గింజ పోయి పరాంకుశం గారి పప్పన్నంలో పడింది.

కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆయన విస్తరి వైపు చూశారు. గింజను వేలితో తీశారు. వెలుగుకు పట్టి పరిశీలించారు. "పప్పులోకి చింతపండు పిసికేటప్పుడు గింజలు తీయాలమ్మా" అని, దాన్ని విస్తరి అంచున పెట్టి, నేను తెచ్చి వడ్డించిన తాలింపు పప్పుతో అన్నం కలుపుకున్నారు. తాలింపు అద్భుతంగా ఉందన్నారు. రెండోసారి వేయించుకున్నారు.

చౌడి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ముక్కుతో గాలి పీల్చి, మళ్ళీ పీల్చి, కళ్ళు పెద్దవి చేసింది. "అక్కా! పప్పు వాసన వస్తాంది!"

విస్తళ్ళు తీసే వంకతో జేజి స్టేజీ ఎక్కింది. దిగేటప్పుడు ఆమె పిడికిలి మూసి ఉంది.

భోజనాల తర్వాత జిల్లా స్థాయి పరిశీలన. పరాంకుశం గారు టార్చి వేసి చౌడి ముక్కులోకి చూసి, "ఊఁ" అని సంతకం చేశారు. ఆయన చేశారు కాబట్టి రెండో ఆయన చేశారు. వాళ్ళిద్దరూ చేశారు కాబట్టి మిగతావాళ్ళు చేశారు. గింజ యథాతథముగా కలదు అని కాగితం మీద వచ్చింది. చివర శ్రీకంఠం గారి వంతు. ఆయన చాలాసేపు చూశారు. తల ఎత్తి నా వైపు చూశారు. నేను నా చెప్పులకేసి చూసుకున్నాను. ఆయన సంతకం పెట్టి, చౌడి తల నిమిరి, గబగబా వెళ్ళి మొహం కడుక్కున్నారు. ఘాటు వల్ల అయ్యుంటుంది.

సోమవారానికి షమీనా తన పలక, సంచీ తీసుకుని చౌడి పక్కకు వచ్చేసింది. జేజి, హుసేనమ్మ మళ్ళీ ఆట మీద కొట్లాడుకోవడం మొదలుపెట్టారు. బద్దను జేజి వేన్నీళ్ళలో కడిగింది, అంతే. అదృష్టం పోతుందని సబ్బు పెట్టలేదు.

అంతా అయిపోయిందనుకుంటే, అనుకోకుండా రాష్ట్ర స్థాయి వాళ్ళు తమ అభ్యసనాన్ని ముందుకు జరిపారు. పాఠమును వెంటనే రాజధానికి పంపవలెను అని, అప్పటికే అసలు సంగతి తెలిసిన దస్తగిరి గారు చెమటలు కక్కుతూ తాఖీదు పట్టుకొచ్చారు. "ఇప్పుడేం చేద్దాం అవ్వా? లేని గింజను ఎలా పంపేది?"

జేజి ఆయన్ని వింతగా చూసింది. "దానికింత ఆయాసమేల నాయనా? మనూరోళ్ళు ఎవురన్నా ఎప్పుడన్నా ఆస్పత్రికి పోయినారా? చీటీ పోతే సాలదూ?"

పందెం పడని కొత్త బద్దను మాత్రల కవరులో వేసి, చౌడి చీటీకి పిన్ను గుచ్చి, రాజధాని బస్సు కండక్టరుకిచ్చింది. "పోగొట్టొద్దు నాయనా, అది ప్రభుత్వానిది."

కొన్నాళ్ళకు అదే కండక్టరు అదే కవరు తెచ్చిచ్చాడు. లోపల గింజ, చీటీ, ఒక సీసా మందు, ఒక బలం పొడి పొట్లం ఉన్నాయి. చీటీ మీద రాష్ట్ర నిపుణులు ఏడుగురు సంతకాలు చేశారు. బరువు అర గ్రాము. తీవ్రమైన పోషకాహార లోపము. జలుబు. మందు రోజుకు మూడుసార్లు, భోజనము తరువాత. తగ్గనిచో వారము తరువాత మరల రావలెను.

నేను పైకి చదివాను. జేజి శ్రద్ధగా విన్నది. సీసా పైకెత్తి ఊపి చూసి, గూట్లో పెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూలబడింది.

"తప్పు సేసినామే నాగవేణీ" అంది. "అదెట్లాగూ అంత దూరం పోయింది. దాంతోనే నా మోకాళ్ళ నొప్పి గూడా సెప్పి పంపిచ్చింటే సరిపోతాండె."